ఫ్రీజరు ప్రక్షాళన పద్యము: సటీకాతాత్పర్యము

అవతారిక

మూలము లేనిదే వ్యాఖ్యానము పుట్టదని పెద్దలందురు గాని, వ్యాఖ్యానము వ్రాయవలెనను తహతహ మిక్కుటమైనప్పుడు మూలమును గూడ వ్యాఖ్యాతయే సమకూర్చుకొనుట సారస్వతలోకమున కొత్త సంగతి కాదు. మదరాసు నుండి నెల్లూరికి పోవు జి.ఎన్.టి. రోడ్డు మీద, రెడ్‌హిల్స్ దాటిన పిమ్మట, శోళవరమను నూరు గలదు. నగరమునకు మంచినీళ్లిచ్చు చెఱువు వలనను, రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానపు బాట మీద దశాబ్దముల పాటు సాగిన మోటారు పందెముల వలనను ఆ పేరు పత్రికల కెక్కినది గాని, అక్కడి తెలుగిండ్లలో ఏటేట ఆవణి నెల కడపట జరుగు మఱియొక పందెమును గూర్చి యెవరును ఒక్క పంక్తియైన వ్రాసినట్లు కానరాదు. పెరటాసి పుట్టులోపల ఫ్రీజరును ఖాళీ చేసి, కడిగి, ఆఱబెట్టుటయే యా పందెము.

ఎఱుగనివారి కొఱకు కొంత చెప్పవలసియున్నది. సూర్యుడు కన్యారాశి యందు సంచరించు నెల పెరటాసి; ఆడి, ఆవణి దానికి ముందటి తమిళ నెలలు, ఐపసి తరువాతిది. ఇంచుమించుగా సెప్టెంబరు నడుమ మొదలై అక్టోబరు నడుమ ముగియును. అది తిరుమల వేంకటేశ్వరుని నెల యనియు, అందలి శనివారము లాయనకు మిక్కిలి ప్రీతికరములనియు తలచి, తిరువళ్లూరు తిరుత్తణి సీమలలో తెలుగువారు, తమిళులు అను భేదము లేక ఎన్నియో కుటుంబములు ఆ నెల పొడుగునను మాంసమును విడుచును. శనివారమునాడు అరిటాకున తళిగ వేసి, పిండిదీపము వెలిగింతురు. నామము పెట్టిన చెంబులు పట్టుకొని పిల్లలు ‘గోవిందా, గోవిందా’ యని వీధివీధి తిరిగి బియ్యమడిగి తెత్తురు. మదరాసు చెన్నకేశవస్వామి గుడి నుండి బయలుదేరు తిరుపతి గొడుగులు తిరువళ్లూరు మీదుగా కొండకు నడచిపోవునదియు నీ దినములలోనే.

ఈ వ్రతమునకు అధికారి యెవరను విచారము మొట్టమొదట పుట్టును. పుట్టిననాటి నుండి మాంసము ముట్టనివాడు పెరటాసిలో మానవలసినది యేమియు లేదు గనుక వానికి ఈ వ్రతమున అధికారము చెల్లదు. తక్కిన పదునొకండు నెలలును నిష్ఠతో తినువాడే ముఖ్యాధికారి. ఫ్రీజరు ప్రక్షాళనము వానికే విహితము. ఇంతటి కర్మకు ఏ స్మృతియందును విధివాక్యము లేకపోవుట చూచి, ఆ లోపమును పూరింపదలచి, ఈ క్రింది తేటగీతిని రచించి, దానికి టీకాతాత్పర్యములను నేనే కూర్చితిని. పద్యము నాదే గనుక కవిహృదయము నాకు కొంతవఱకు తెలియుననుకొందును. పూర్తిగ తెలియునని చెప్పుకొనుట వ్యాఖ్యాతకు తగదు.

మూలము

వచ్చుఁ బెరటాసి యని యెంచి వంటయింట
మంచుపెట్టెలో నడుగంటి మాంసశకల
లేశమైనను మిగిలిన లెస్సగాదు
కడిగి తుడువంగవలయును గాంతలార!

ప్రతిపదార్థము

కాంతలార = ఓ యింతులారా; పెరటాసి = కన్యామాసము; వచ్చున్ = వచ్చును; అని యెంచి = అని మదిలో లెక్కపెట్టుకొని; వంట + ఇంటన్ = వంట చేయు గృహభాగమునందు; మంచుపెట్టెలోన్ = ఫ్రీజరను పేటికయందు; అడుగు + అంటి = అడుగును పట్టుకొని; మాంసశకల లేశము + ఐనను = మాంసపు తునకలో తునకయైనను; మిగిలినన్ = మిగిలియుండిన యెడల; లెస్స + కాదు = మంచిది కాదు; కడిగి = నీటితో కడిగి; తుడువంగన్ + వలయును = పొడిబట్టతో తుడువవలెను.

తాత్పర్యము

పెరటాసి నెల సమీపించుచున్నదని గుర్తెఱిగి, ఫ్రీజరులో ఎంతటి చిన్న మాంసపు తునకయు మిగులకుండ దానిని కడిగి తుడువవలెనని భావము.

విశేషములు

‘వచ్చును’ అని తద్ధర్మార్థక క్రియను వేయుటలో కవి చేసిన జాగ్రత్త కలదు. ‘వచ్చినది’ యన్నచో కార్యము మించిపోయినది. ‘రాగలదు’ అన్నచో ఇంకను పది దినములున్నవను ధైర్యము పుట్టి, రొయ్యలు మఱియొక కిలో కొనబడును. ఏటేట తప్పక వచ్చుటయే స్వభావముగా గలదానికి తద్ధర్మమే తగినది. ‘అని యెంచి’ యనుచోట ఎంచువారెవరని ప్రశ్న. ఎంచువారు వేఱు, కడుగువారు వేఱు అని లోకానుభవము. ఆవణి సగము గడచినది మొదలు, వసారాలో కూర్చున్న అత్తగారు ‘ఏం పాపా, పెరటాసి వస్తా ఉండాది, ఫ్రిజ్జు కడిగినావా?’ అని అడుగుచుందురు. ‘కడగతాలే అత్తా, ఇంకా రెండు పొట్లాలుండాయి’ అని లోపలినుండి ఉత్తరము వచ్చును. ఈ ఉత్తరమునందలి ‘రెండు’ సంఖ్యావాచకము కాదని గ్రహింపవలెను. తలుపు తెఱచి చూచినవారికి ఏడెనిమిదైనను కనబడును.

నెల యే క్షణమున పుట్టుననునది తరువాతి చిక్కు. తమిళ పంచాంగ మర్యాదను బట్టి సంక్రమణము సూర్యాస్తమయమునకు పూర్వము జరిగినచో ఆ దినమే మాసాది; అస్తమయానంతరము జరిగినచో మఱునాడు. కావున సంక్రమణము రాత్రి తొమ్మిది గంటలకైనచో ఆ పగలు తిన్న కోడికూరకు శాస్త్రబాధ లేదు. సాయంకాలము నాలుగింటికే యైనచో ఉదయము తిన్నదియు సందేహములో పడును. ఉగాదికి, వినాయకచవితికి చాంద్రమానమును పట్టుకొని నడచు తెలుగిల్లు పెరటాసికి వచ్చునప్పటికి సౌరమానమునకు మాఱుటయు, అట్లు మాఱితిమను తలపైన ఆ యింటివారికి లేకుండుటయు గమనింపదగినవి. తిరుత్తణి చిత్తూరు జిల్లాను విడిచి మదరాసు రాష్ట్రమున చేరినది 1960 ఏప్రిలు 1వ తేదీన. అట్లేర్పడిన సరిహద్దు గీతకు ఈవలను ఆవలను నేటికిని పెరటాసి శనివారములు ఒక్క తీరుననే జరుగుచున్నవి. జిల్లాలను పంచినవారికి నెలను పంచుట శక్యము కాలేదు.

‘వంటయింట’ అనుటచే హాలులోనుండు ఫ్రిజ్జునకు ఈ విధి తగులదని వాదింపబోవువారు కలరు. వంటయిల్లు ఇఱుకైనందునో, ప్లగ్గు పాయింటు అక్కడ లేనందువలననో అనేక గృహములలో ఫ్రిజ్జు హాలులో, టీవీకి ప్రక్కన కొలువు తీర్చియుండుట వాస్తవమే. కాని ఆ పదము ఉపలక్షణము మాత్రమే. పెట్టె యెచ్చటనున్న అచ్చటనే వంటయిల్లు.

‘మంచుపెట్టె’ యను శబ్దముచేత ఫ్రిజ్జు మొత్తము గ్రాహ్యమా, పై యఱయగు ఫ్రీజరు మాత్రమే గ్రాహ్యమా? మంచు పై యఱయందే కలదు గనుక అదియే ముఖ్యార్థము. తలుపులోని కోడిగ్రుడ్ల వరుస లక్షణచే వచ్చి చేరును. ధర్మశాస్త్రకర్తలు మంచు నెఱుగనివారు కారు. హిమవంతమును గూర్చి వారెంతయో చెప్పిరి. ఆ హిమమును ఇంటిలో ఒక మూలను నిలువచేసికొనవచ్చునను ఊహ మాత్రము వారికి రాలేదు. మన సీమకు మంచు మొదట దిగుమతి సరకుగా వచ్చినది. ఫ్రెడెరిక్ ట్యూడరను అమెరికా వర్తకుడు మసాచుసెట్సు చెఱువులలో శీతకాలమున కోయించిన మంచుదిమ్మెలను రంపపు పొట్టులో పొదిగి, ఓడలకెక్కించి, 1833లో కలకత్తాకు పంపెను. పిదప మదరాసు సముద్రతీరమున ఆ మంచును భద్రపఱచుటకు 1842 ప్రాంతమున లేచిన మేడయే ఐస్‌హౌసు. 1897లో వివేకానందస్వామి అందు బసచేసిన పుణ్యమున అది నేడు వివేకానందర్ ఇల్లమను పేరనున్నది. సగము భూమిని చుట్టివచ్చిన యా మంచు దొరల పానపాత్రలలో కరగుటకే గాని మన రొయ్యలను కాపాడుటకు రాలేదు. 1958లో గోద్రెజ్ వారు ఈ దేశముననే ఫ్రిజ్జులు చేయ మొదలిడిరి; అది మొదలు అవి క్రమక్రమముగా పెండ్లి సారెలలో చేరి, నగరము దాటి, మన ఊళ్లకును వచ్చినవి.

అంతకు మున్ను మాంసము కొన్ననాడే వండబడెడిది, వండిననాడే తినబడెడిది. అడుగున మిగిలిన పులుసు మఱునాటి ఉదయమున సద్దిలోనికి చెల్లెడిది. పెరటాసి వచ్చినదనగా నీచుకుండను తోమి అటకెక్కించుటతో ఇంటి శుద్ధి ముగిసెడిది. ఏమియు మిగులని యిండ్ల కొఱకు, మిగిలినను ఒక పూటకు మించి నిలువని యిండ్ల కొఱకు ఏర్పడిన వ్రతమది. నేటి యిల్లు మిగుల్చుకొనుట నేర్చిన యిల్లు. సున్నకు దిగువ పదునెనిమిది డిగ్రీల చలిలో సూక్ష్మజీవులనేకము చావవు గాని పెరుగుట మాని నిద్రించును. ఆడి నెలలో కొన్న చేపముక్క ఆవణి కడపటను తన రూపమును విడువక నిలుచును. పూర్వము కాలమే చేయుచుండిన ప్రక్షాళనమును కాలము చేయ మానినది గనుక ఆ పని మనుష్యుల చేతులకు వచ్చిపడినది. ఎంత చక్కగ దాచగలిగితిమో అంత కష్టముగ విడువవలసివచ్చినది. నా మతమున ఈ పద్యమంతయు ఆ యొక్క చిక్కు నుండి పుట్టినదే.

‘అడుగంటి’ అను విశేషణము వట్టి పాదపూరణమని తలపరాదు. ఫ్రీజరు తలుపు తెఱచినప్పుడెల్ల వెలుపలి తేమగాలి లోనికి చొచ్చును. చల్లని గోడలను తాకినంతనే అందలి యావిరి, నడుమ నీరగు అవస్థను గూడ పొందక, తిన్నగా మంచుగా గడ్డకట్టును. చెఱువుగట్టు ఊరగు శోళవరమున తేమకు కొఱత లేదు. చల్లని నీళ్ల కొఱకు గడియకొకమాఱు తలుపు తెఱచు పిల్లలకును కొఱత లేదు. మంచు పట్టని క్రొత్తరకపు ఫ్రిజ్జులలో లోపలి హీటరు అప్పుడప్పుడు వెలిగి ఆ పొరను కరగించుచుండును గాని, ఒంటితలుపు పాతరకములలో అది దినదినము మందమెక్కి, పొట్లముల నుండి రాలినవానినెల్ల తనలో పొదుగుకొనును. దానిని కరగించినప్పుడు బయల్పడు వరుస చూడదగినది. మొదట తెల్లని మంచు. దాని క్రింద పచ్చని జీర. ఎన్నడో ఉప్పు పసుపు రాచి పెట్టిన వంజరము ముక్కల గుర్తది. ఇంకను క్రింద, గోడను కఱచుకొని, చినిగిన పాలిథీను సంచి మూల. ఆ మూలలో ఎఱ్ఱని సన్నని రొయ్యమీసమొకటి. ప్రళయకావేరి యని మనవారు పిలుచుకొను పులికాటు సరస్సున పుట్టి, పొన్నేరి మీదుగా వచ్చిన రొయ్య అది. ఒడలంతయు ఏనాటి ఆదివారముననో ఇగురైపోయినను, మీసము మాత్రము ఇల్లు విడువలేదు.

తలుపు చుట్టునుండు రబ్బరు పట్టీని గూర్చి పద్యము మౌనము వహించినది గాని వ్యాఖ్యాత వహింపరాదు. దాని మడతలు వ్రేలు దూరనంత సన్ననివి, తునకలు దూరునంత వెడల్పైనవి. మడతను ఒక చేత విప్పిపట్టి, రెండవ చేత పాత పళ్లబ్రష్షుతో లోపల తోమినప్పుడు, నల్లని జిడ్డు, బూజు, ఏదో యెముక పొడి, ఎవరును ఒప్పుకొనని బిర్యాని మెతుకు బయటికి వచ్చును. అడుగంటుట అడుగుననే యని నియమము లేదు, అంటినదెల్ల అడుగే.

ఇక ‘మాంసశకల లేశము’. మాంసమేదను విచారమున కోడి, మేక, చేప, రొయ్య, ఎండునెత్తళ్లు నిస్సందేహములు. గ్రుడ్డు వివాదాస్పదము, ఇంటిలోని చిన్నవారు కాదందురు, పెద్దవారు ఔనందురు, పెరటాసి అయిదవ దినమున చిన్నవారి వాదము బలపడును. మంచుబిళ్లల పళ్లెమున చేపవాసన పట్టినచో ఆ బిళ్లలు మాంసమగునా? వాసన గుణము, గుణము ద్రవ్యమును విడిచి యుండదని తార్కికులందురు. కావున ఆ నీటిని మొక్కలకు పోసి పళ్లెమును కడుగుట క్షేమము.

లేశమనగా ఎంత? ఇచ్చట మన గ్రంథములు చేయి విడుచును. చేయి పట్టువారు యూదులు. తెలుగు బైబిలు చదివినవారు పస్కా యనియు, పులియని రొట్టెల పండుగ యనియు ఎఱుగుదురు. నీసాను నెలలో ఆ పండుగ వచ్చునప్పటికి గోధుమ, యవలు మొదలగు ఐదు ధాన్యముల పులిసిన పదార్థమేదియు వారి యింట నుండరాదు; కావున నేటి యూదగృహిణి రొట్టెపొడుల కొఱకు ఫ్రీజరును వెదకుట, మన కోడలు రొయ్యమీసము కొఱకు వెదకుట కంటె ఏ విధమునను తక్కువ తీవ్రమైనది కాదు. వారికి పస్కా పాత్రలు వేఱు, మనకు పెరటాసి పాత్రలు వేఱు. అటక ఉభయులకు సమానము. ఇది మనకు బొత్తిగా పరాయి సంగతి యనియు అనుకొనరాదు. 1688లో మదరాసు కార్పొరేషను ఏర్పడినప్పుడు దాని ఆల్డర్మెన్లలో యూదు వర్తకులుండిరి. పగడములు తెచ్చి గోలకొండ వజ్రములు కొనిపోవుట వారి వ్యాపారము. గుంటూరు సీమలో చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెమున బెనె ఎఫ్రాయిము అను పేర నొక చిన్న సమాజము వారు నేడును తెలుగు మాటలాడుచు పస్కాను జరుపుకొనుచున్నారు.

యూదుల ధర్మగ్రంథమగు మిష్నాలో ఈ విషయమునకు ఒక ప్రకరణమే కలదు. పదునాలుగవ తిథి రాత్రి దీపము చేతబట్టి ఇల్లంతయు వెదకవలెను. తరువాతి ఆచారమున దానికి పక్షి యీకయు, కొయ్యగరిటెయు తోడైనవి. దొరకిన దానిని తెల్లవారిన పిమ్మట దహింపవలెను. రొట్టెను తీసికొనిపోవుట అలవాటు లేని చోట వెదకనక్కరలేదు. వెదకి శుద్ధిచేసిన గదిలోనికి ఏ ముంగిస వంటి జంతువో రొట్టెముక్క నీడ్చుకొనివచ్చెనేమో యని భయపడనక్కరలేదు. ఏలయన, అట్లు భయపడుటకు మొదలిడినచో ఇంటి నుండి ఇంటికి, ముంగిటి నుండి ముంగిటికి, ఊరి నుండి ఊరికి భయపడుచు పోవలసి, పనికి అంతమే యుండదు. ఈ యొక్క హేతువును చూచినప్పుడు నాకా పెద్దల యందు అపారమైన గౌరవము కలిగినది. పరిశుద్ధిని విధించినవారే దానికి పొలిమేర రాయిని గూడ పాతిరి. అంతటితో, ఆ మిష్నాను చర్చించిన తాల్ముదు పండితులు ఊరకుండిరా? ఎలుక యొకటి రొట్టెముక్కతో లోనికి పోవగా, ఎలుక యొకటి రొట్టెముక్కతో వెలుపలికి వచ్చినచో, పోయినదియు వచ్చినదియు ఒక్కటియేనా యని శంకించిరి. పోయినది తెల్లది, వచ్చినది నల్లదియైనచో నేమనిరి. పోయినది ఎలుక, వచ్చినది ముంగిసయైనచో నేమనిరి. ఆ ముంగిస నోట ఎలుకయు రొట్టెయు రెండును ఉన్నచో నేమని కూడ అడిగిరి. మన నవ్యన్యాయ పండితులు ఆ సభలో కూర్చుండియున్నచో తాంబూలమిచ్చి సత్కరించియుందురు.

కొలతలను గూర్చియు వారు వెనుదీయలేదు. అనేక విధులకు వారి మానము ఒక్క ఆలివు కాయంత. పండుగ నాళ్లలో పులిసినది భోజ్యమున కలిసినచో లేశమైనను క్షమ లేదు. కాని పండుగకు ముందే కుక్కయు ముట్టనంతగా చెడిన దానికి నిషేధము తొలగిపోవును. ఈ కుక్క న్యాయము మనకు మిక్కిలి ఉపకారి. రబ్బరు పట్టీ మడత నుండి ఎంతకును రాని తునక మీద పాత్రలు తోము సబ్బునీరు చిలికి విడిచినచో, దానిని మన వీధికుక్క యేదియు మూచూడదు. అది మాంసత్వమును కోల్పోయి, వట్టి మాలిన్యమగును. కనబడని దాని కొఱకు వారొక వాక్యమును గూడ నేర్పఱచిరి: నేను చూడక విడిచిన, నా యింటనున్న పులిసినదంతయు నాది కాదు, నేలమీది మంటితో సమానమని అర్థము వచ్చునట్లు గృహస్థుడు పలికి, ఆ రాత్రి నిద్రపోవును. మన వ్రతమున అట్టి వాక్యము లేకపోవుట పెద్ద లోటు. ఆ లోటు వలననే మన యిండ్లలో కడిగిన ఫ్రీజరు మఱల కడుగబడుచున్నది, తుడిచిన కోడలు మఱల ప్రశ్నింపబడుచున్నది. ఎవరైన పండితులు అనుష్టుప్పున ఒక శ్లోకము కూర్చి, పంచాంగము వెనుక అట్టమీద అచ్చువేయించినచో ఎన్నియో కాపురములకు మేలు చేసినవారగుదురు.

‘మిగిలిన’ యనుటచే మిగులకుండ చేయుట మొదటి పక్షమని సూచన. ఆవణి కడపటి ఆదివారమున పొట్లములన్నియు వెలికి వచ్చి, చేపయు కోడియు ఒక్క పూటనే పొయ్యి యెక్కుట మన సీమ ఆచారము. దహనమునకు బదులు పచనము. అప్పటికిని మిగిలిన దానిని వ్రతము లేని పొరుగింటి ఫ్రీజరున ఒక నెల దాచియుంచుట రెండవ పక్షము. దీనిని కపటమనువారు కలరు, నాకట్లు తోచదు. యూదులును పులిసిన సరకును పండుగకు ముందు అన్యమతస్థునకు అమ్మి, పండుగ కాగానే మఱల కొందురు. కాని వారిది పత్రము వ్రాసి, బయానా పుచ్చుకొని చేయు నిజమైన క్రయము. మనది నోటిమాట. కావున ఆ నెలలో పొరుగింటికి చుట్టములు వచ్చి మన వంజరము ముక్కలు వేపుడైపోయినచో, అడుగుటకు మనకు నోరు లేదు. ధర్మము మాత్రము చెడదు. పెరటాసిలో మదరాసు కాసిమేడు రేవున సందడి తగ్గి చేపల ధర దిగుట పత్రికలు ఏటేట వ్రాయు వార్త. ఆ ధరను చూచి ఐపసికి పనికివచ్చునని ఇప్పుడే కొని ఫ్రీజరున దాచుద మనువానికి ఈ పద్యమున అధికారము లేదు, శోళవరమున పిల్లను గూడ ఇయ్యరాదు.

‘లెస్సగాదు’. పాపమనలేదు, నరకమనలేదు. మీసమొకటి మిగిలినందున వేంకటేశ్వరునకు కోపము వచ్చునని కవి నమ్మినట్లు లేదు. అత్తగారికి వచ్చును. ఆ రెండింటికి నడుమనుండు దానికి లెస్సగాదనియే పేరు.

‘కడిగి తుడువంగవలయును’ అనుచోట ప్రక్రియను చెప్పవలెను. మొదట ప్లగ్గు తీయవలెను. పాతరకపు ఫ్రిజ్జున థర్మోస్టాటు మీట నడుమ మంచు కరగించు బొత్తామున్నను, సంపూర్ణ ప్రక్షాళనమునకు ప్లగ్గు తీయుటయే మేలు. తలుపు తెఱచి, లోపల వేడినీళ్ల గిన్నె యొకటి పెట్టి, నేలమీద పాతగుడ్డలు పఱచి, వేచియుండవలెను. వేచియుండలేక కత్తితోనో అట్లకాడతోనో మంచును గీకువాడు మహాపాతకి. ఆ గోడ వెనుకనే శీతలవాయువు ప్రవహించు సన్నని గొట్టములుండును. కత్తిమొన తగిలి ఒక చిన్న రంధ్రము పడెనా, బుస్సుమను ధ్వనితో వాయువు పోవును, దానితో ఆ యింటికి పెరటాసి పండ్రెండు నెలలును నడచును. కరగిన పిమ్మట గోరువెచ్చని నీటిలో వంటసోడా కలిపి కడిగి, పొడిబట్టతో తడి లేకుండ తుడువవలెను. తడి మిగిలినచో అదియే మఱల తొలి మంచు. వెనుకవైపున కంప్రెసరు మీదనుండు నీటితట్టను గూడ తీసి చూడవలెను. చూచినవారు అది యంతవఱకు చూడకుండుటయే సుఖమనుకొందురు.

‘కడిగి’ యనునది క్త్వార్థకము. క్త్వార్థకమునకును ప్రధానక్రియకును కర్త యొక్కరే కావలెనని వ్యాకరణము. కావున కడిగినవారే తుడువవలెను. నేను నీళ్లు పోసితిని, తక్కినది నీవు చూచుకొమ్మని నడుమ లేచిపోవుట అశాస్త్రీయమే కాక, చిన్నయసూరి యెడల అపచారము. ఈ సంగతి తరువాతి పదమును నిర్ణయించునప్పుడు మఱింత బరువగును.

‘కాంతలార’ యనునదియే కర్త వ్రాసిన పాఠము. దీనికి పాఠాంతరము పుట్టుట ఇటీవలి సంగతి. పద్యమును చక్కని దస్తూరితో కాగితముపై వ్రాసి ఫ్రీజరు తలుపునకు అయస్కాంతముతో అంటించిన మఱునాడు చూడగా, ‘త’కు కొమ్ము వెలసి, ‘కాంతులార’ యని యుండెను. కాంతుడనగా మగడు. సిరా వేఱు, చేయి వేఱు. దీనిని లేఖకదోషమని త్రోసివేయుదమన్నచో, దోషమునకు ఇంత సందర్భశుద్ధి యుండదు. ఛందస్సుచేత ఖండింతమన్నచో, గురులఘువులు రవంతయు చెదరలేదు, యతియు చెడలేదు. అర్థముచేత ఖండింతమన్నచో, పొట్లములు కట్టించుకొని తెచ్చినవారెవరు, పై యఱ యెవరి తలకు సరియైన ఎత్తుననున్నది అను ప్రశ్నలు లేచి, ప్రతివాదికే బలము చేకూర్చును. వ్యాఖ్యాత ఆ పత్రము నెదుట నిలిచి, ఉభయ పాఠములును సాధువులేయని వ్రాసి వివాదమును ముగింపదలచి కలము తీయునంతలో, వేడినీళ్ల గిన్నెయు, వంటసోడా పొట్లమును, పాత పళ్లబ్రష్షును తెచ్చి అతని ప్రక్కన ఉంచబడినవి. ఇది కర్మణి ప్రయోగము, కర్త చెప్పబడలేదు.